చీటీ లేని సీసా

రెండు రోజులుగా విడవకుండా కురిసిన వాన మూడోనాడు పొద్దున పది గంటలకు కాస్త తెరిపిచ్చింది. రంగుల మాస్టారు కిటికీలోంచి చెయ్యి బయటికి చాచి చూసుకుని, "ఇదే అదను. మధ్యాహ్నానికి మళ్ళీ దిగుతుంది" అన్నాడు. లాకర్ రంగుకి చెమ్మ గిట్టదు. గాలి తడిగా ఉన్నప్పుడు కొడితే, నిగనిగలాడాల్సిన రంగు జ్వరపడి లేచినవాడి ముఖంలా తెల్లగా పాలిపోతుంది. నీళ్ళరంగులకు ఈ పేచీ లేదు కానీ, అవి ప్లాస్టిక్ మీద చుట్టంచూపుగా కూర్చుంటాయి, ఎప్పుడు లేచిపోతాయో చెప్పలేం. ఎనామిల్ మంచిదే కానీ, అది ఆరేలోపు కొట్టినవాడికి గడ్డం నెరుస్తుంది. లాకర్ అలా కాదు. ప్లాస్టిక్‌ని పైపైన ఒక్క పిసరు కొరికి పట్టుకుంటుంది, పది నిమిషాల్లో ఆరుతుంది, ఉల్లిపొర కంటే పలచగా పరుచుకుంటుంది. అందుకని ఆ నమూనాల కార్ఖానాలో ఏ బొమ్మకైనా లాకరే.

కార్ఖానా అంటే పెద్దదేం కాదు. ఒక పొడుగాటి గది, నాలుగు బల్లలు, మూలన చేతులు కడుక్కునే తొట్టి. ఓడలూ బస్సులూ మేడలూ చిన్నవిగా చేసి, కంపెనీల గుమ్మాల దగ్గర అద్దాల పెట్టెల్లో పెట్టుకోవడానికి ఇస్తారు. ఇప్పుడు బల్ల మీద ఉన్నది రేవు కంపెనీవాళ్ళ ఓడ. బారెడు పొడవు, నూట పన్నెండు కిటికీలు, ఒక్కో కిటికీ చిటికెనవేలి గోరులో సగం. దాని ఒంటినిండా ఉన్న మేకు బుడిపెల్ని పిన్ని ఒక్కొక్కటే వెనకనుంచి సూదితో పొడిచి లేపింది. ఆవిడని పిన్ని అనేది ఆ గదిలో అందరూ. పదకొండు రోజులు పట్టింది ఆవిడకి.

మాస్టారు మూడు బూడిదరంగుల సీసాలు ముందర పెట్టుకున్నాడు. ఒకటి నీలం వైపు మొగ్గుతుంది, ఒకటి మట్టివైపు, ఒకటి ఎటూ కాదు. ఒక్కోదాంట్లోంచి ఒక్కో చుక్క ప్లాస్టిక్ చెంచా వీపు మీద వేసి, ఆరనిచ్చి, కంపెనీవాళ్ళు పంపిన రంగు ముక్క పక్కన పెట్టి కిటికీ వెలుగులో తిప్పి చూశాడు. నీలానిది ఎంచుకుని, దాంట్లో నాలుగు చుక్కలు తెలుపు వేశాడు. అసలు ఓడకి వేసిన రంగే బొమ్మకీ వేస్తే బొమ్మ నల్లగా, బరువుగా కనిపిస్తుంది. దూరంనుంచి చూసే ఓడ ఎంత వెలిసి కనిపిస్తుందో అంత తెలుపు పడాలి. ఆ లెక్క ఏ పుస్తకంలోనూ ఉండదు, మాస్టారి కంట్లో ఉంది. తరవాత ఒక పాలు రంగుకి, దాన్ని పలచన చేసే థిన్నర్ రెండు పాళ్ళు. గిన్నె అంచుకి రంగుని ఎగదోసి వదిలితే, పాలు జారినట్టు జారి, వెనక పలచటి తెర వదలాలి. ఇంకా తెర చిక్కగానే ఉంది. ఓడంతటికీ కలిపేసరికి బల్లమీది చిన్న థిన్నర్ సీసా అడుగంటింది.

ఆ సీసా ముందురోజు నింపిపెట్టింది ఆయన మరదలు. భార్యకి సొంత చెల్లెలు. రంగు కొట్టే గన్నులు కడగడం, గిన్నెలు తుడవడం, పెద్ద డబ్బాల్లోంచి సీసాల్లోకి వంపడం ఆవిడ పని. ఆ పనిలో పెట్టించింది మాస్టారే. "బావా, రేపు పన్ను పీకించుకోవాలి, రాను. నీ బల్లమీద సీసా నింపాను, అదే వాడుకో. తొట్టికింద మాత్రం చెయ్యి పెట్టకు" అని చెప్పి మరీ వెళ్ళింది. "పన్నొకటే పీకమను, నాలిక్కూడా పీకేస్తే మీ అక్కకి కబుర్లెవరు చెప్తారు?" అని ఆయన నవ్వాడు కూడా.

వానకి అదను దాటిపోతోంది. మాస్టారు తొట్టికింద చెయ్యి పెట్టాడు. బకెట్టు వెనక రెండు సీసాలున్నాయి. రెండూ ఒకటే రకం, లోపల రెండూ నీళ్ళలాగే ఉన్నాయి. ఒకటి రంగులో కలిపేది, ఒకటి గన్నులు కడిగేది. కలిపేది ప్లాస్టిక్‌ని పసిపిల్లలా కొరికితే, కడిగేది కుక్కలా కరుస్తుంది. సీసాలకి చీటీలు లేవు. మొదట్లో మరదలు అంటించేది. "నా ముక్కుండగా చీటీలెందుకే, నామోషీ!" అని ఆయనే పీకించాడు. వచ్చినవాళ్ళ ముందు యజమాని గొప్పగా చెప్పుకునేది కూడా ఆ ముక్కు సంగతే: "మా మాస్టారు మాస్కు పెట్టుకోడు. వాసన చూసి ఏ కంపెనీ థిన్నరో చెప్పేస్తాడు."

మాస్టారు ఒక సీసా మూత తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, రెండు ఊపిరులు తీశాడు. గదిలో వాళ్ళు చూస్తున్నారు.

"ఆఁ. ఇదే" అన్నాడు.

నిజానికి ఆ ముక్కుకి ఏడాదిన్నరగా ఏ వాసనా తగలడం లేదు.

జానెడు దూరంనుంచి గన్నుతో మొదటి చెయ్యి పూత పొగమంచులా కొట్టాడు. రెండో చెయ్యి తడిగా. మూడోచెయ్యి నడుస్తుండగా ఓడ ఒళ్ళు ఉండాల్సిన దానికంటే ఎక్కువ మెరిసింది. ఆయన చెయ్యి ఆగింది. చూస్తుండగానే మేకు బుడిపెలు చినుకు పడ్డ ఉప్పుకల్లుల్లా కుంగిపోసాగాయి. కిటికీలకి వేసిన టేపు అంచుల్లోంచి తడి లోపలికి పాకి, అద్దాల్లాంటి ఆ ముక్కల్లో సాలెగూళ్ళలా తెల్లని చీలికలు పుట్టాయి. ఎక్కడా చప్పుడు లేదు. గన్నుకి గాలి పంపే కంప్రెసర్ మాత్రం తనకేం పట్టనట్టు గుడగుడలాడుతోంది.

యజమాని వచ్చాడు. నుదుటిమీద ఎప్పుడూ పట్టీతో భూతద్దం ఉంటుంది కాబట్టి వెనకాల అందరూ ఆయన్ని భూతద్దం అంటారు. అద్దం కళ్ళ మీదికి దించి ఓడని ఈ చివరనుంచి ఆ చివరదాకా చూశాడు.

"ఏమిటిది మాస్టారూ?"

మాస్టారు గన్ను కింద పెట్టాడు. చెబుదామనే నోరు తెరిచాడు. తెరిచిన నోట్లోంచి వచ్చింది వేరే మాట.

"సీసాలు నింపేది నేను కాదు కదా సార్."

అబద్ధం కాదు. సీసాలు నింపేది ఆయన కాదు. ఆ మాటలో ఒక్క అక్షరం కూడా తప్పు లేదు, అందుకే అది అంత సాఫీగా జారిపోయింది. కాలు జారితే తీసుకోవచ్చు.

*

మర్నాడు మరదలు దవడ ఉబ్బి, నోటినిండా దూదితో వచ్చింది. చెంపకి తువ్వాలు కట్టుకుంది. వస్తూనే తొట్టి దగ్గరికి పోయి, బకెట్టు జరిగి ఉండటం చూసి, తొట్టికింద తొంగిచూసింది. తరవాత ఓడని చూసింది. తరవాత మాస్టారిని.

ఆయన గన్ను సూదిని గుడ్డతో తుడుస్తున్నాడు. అది అప్పటికే మూడుసార్లు తుడిచిన సూది.

"ఏమ్మా, ఏ సీసాలో ఏం పోశావో నీకే తెలియకపోతే ఎలా?" అన్నాడు భూతద్దం. అరవలేదు పాపం, ఆయన అరిచే మనిషి కాదు. "మూడు నెలల పని. వచ్చేవారం వాళ్ళొస్తున్నారు. ఏమంటావు?"

ఆవిడ ఏమంటుంది? చిగురు మొద్దుబారి ఉంది, దూది తీస్తే నెత్తురు. "ఊఁ... ఊఁహూఁ" అని తల అడ్డంగా ఊపి, బావ వైపు చెయ్యి చూపబోయి, ఆ చెయ్యి సగంలోనే దించేసుకుంది. వేలు చూపడం ఇష్టంలేక దించుకుందో, చూపాల్సిన పని తనది కాదనుకుందో మాస్టారికి తెలియలేదు. దించుకోవడం మాత్రం చూశాడు. తేలు కుట్టిన దొంగలా కూర్చుని అంతా చూశాడు.

"మాట్లాడవేం? అంటే తప్పు నీదేగా" అన్నాడు భూతద్దం. "వేరే చోట చూసుకోమ్మా."

ఆవిడ కొక్కేనికున్న సంచీ తీసుకుంది. తొట్టిలో ముందురోజునుంచి ఎవరూ కడగని గన్నులు పడి ఉన్నాయి. సంచీ కింద పెట్టి, నాలుగు గన్నులూ విప్పి, కడిగి, గుడ్డ మీద వరసగా ఆరబెట్టి, అప్పుడు వెళ్ళింది.

ఆవిడ వెళ్ళాక పిన్ని కొత్త ప్లాస్టిక్ రేకు ముందు వేసుకుని, సూది తీసుకుని, మొదటి బుడిపె పొడిచింది. టిక్. మళ్ళీ టిక్. సాయంత్రందాకా ఆ గదిలో వినిపించింది అదొక్కటే.

ఆ సాయంత్రమే మరదలు మాస్టారింటికి వచ్చింది. అప్పటికే సంగతి భార్యకి తెలుసు. మాస్టారు చెప్పింది నాలుగే ముక్కలు: "ఓడ పాడైంది. సీసా మారింది. మీ చెల్లెల్ని తీసేశారు." మిగతాది ఆవిడే కలుపుకుంది.

"ఆయన నోరు తెరిచి ఒకరిని అడిగే మనిషి కాదు" అని భార్య గుమ్మంలోనే అందుకుంది. "నీ కోసం అడిగారు. నువ్వేం చేశావు? అంతమందిలో ఆయన్ని తలెత్తుకోకుండా చేశావు. పన్ను నొప్పి నీకొక్కదానికే వచ్చిందా? సీసా మీద కాస్త ధ్యాస పెట్టలేకపోయావా?"

"అక్కా..." అంది చెల్లెలు, దవడ పట్టుకుని.

"అక్కా లేదు, తొక్కా లేదు. చీటీ అంటించడానికి కూడా బద్ధకమా నీకు?"

లోపల కుర్చీలో మాస్టారు పేపరు పట్టుకుని ఉన్నాడు. చీటీ అన్న మాట వినపడగానే పేపరు ఇంకాస్త పైకి లేపాడు. చదువుతున్నది ఏదో ఇల్లు అద్దెకివ్వబడును అనే ప్రకటన. అద్దెకిచ్చేవాళ్ళు రెండు గదులు, గాలీ వెలుతురూ ఉన్నాయంటున్నారు. అక్కడినుంచి కింది వరసలోకి ఆయన చూపు దిగలేదు. మరదలు అక్క భుజం మీదుగా తనవైపే చూస్తోందని పేపరు ఇవతల్నుంచే ఆయనకి తెలుస్తోంది.

"కొన్నాళ్ళు నా కళ్ళబడకు" అంది భార్య. తలుపు గడియ పడింది. గడియ వేసి వచ్చి, వంటింట్లో గోడ వైపు తిరిగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఇద్దరే అక్కచెల్లెళ్ళు. వారానికి నాలుగు పూటలు ఒక చోట కూర్చోకపోతే ఇద్దరికీ అన్నం సయించదు.

*

మూడోరోజు మాస్టారు యజమాని దగ్గరికి పోయి నిలబడ్డాడు. రాత్రంతా కూడబలుక్కున్న మాట ఒకటుంది. భూతద్దం తలెత్తగానే అదీ జారిపోయి, దాని తమ్ముడు బయటికొచ్చాడు.

"సార్... ఈ ఒక్కసారికి ఆవిణ్ణి క్షమించండి. నా ముఖం చూసి."

భూతద్దం కరిగాడు. "మీరింతగా అడుగుతుంటే కాదంటానా? తప్పు ఒప్పుకుని, ఇకపై జాగ్రత్తగా ఉంటానని ఒక్క మాట అనమనండి చాలు. మీ మంచితనం కాకపోతే, ఈ రోజుల్లో ఎవరు అడుగుతారండీ ఇలా?"

ఆ 'మంచితనం' మాట ముల్లులా దిగినా, మాస్టారికి గుండెల మీద బరువు దిగినట్టే అనిపించింది. పని అవగానే నేరుగా మరదలి గదికి నడిచాడు. ఒక టైలరు కొట్టు మీద మేడగది ఆవిడది. కింద మిషన్లు నడుస్తుంటే నేల సన్నగా వణుకుతూ ఉంటుంది.

"రా బావా" అంది ఆవిడ. వాపు తగ్గింది. "పన్ను పోయింది, మాటొచ్చింది. కూర్చో." కుర్చీ దులిపి వేసింది. మంచినీళ్ళిచ్చింది. ఆయన నీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి, బహుమానం తెచ్చినవాడిలా చెప్పాడు.

"మాట్లాడానే. రమ్మన్నారు. ఒక్కసారి తప్పయిందని అనెయ్, అంతే. సోమవారంనుంచి రావచ్చు."

ఆవిడ నవ్వింది. నవ్వితే పన్ను పోయిన సందు కనిపించింది.

"ఏ తప్పు బావా?"

మాస్టారు ఖాళీ గ్లాసుని నేలమీద ఒక చుట్టు తిప్పాడు.

"చెయ్యని తప్పుకి క్షమాపణ నాకెందుకు? అది ఎవరికి కావాలో వాళ్ళకివ్వు." గొంతులో కోపం లేదు, అదే ఆయనకి కష్టంగా ఉంది. "పోయినేడు ఎండల్లో ఒకరోజు సీసా కడిగి, మంచినీళ్ళతోనే తొలిచి, మర్చిపోయి నీ బల్లమీదే పెట్టేశాను. నువ్వు మూత తీసి, కళ్ళు మూసుకుని, 'ఆఁ, ఇదే' అన్నావు. మంచినీళ్ళు బావా అవి! ముందు నాకు నవ్వాగలేదు. నువ్వు రంగులో పోసేలోపు చెయ్యి తగిలినట్టు నటించి ఆ సీసా దొర్లించేశాను. గుర్తుందా, తిట్టావు. తరవాత తొట్టి దగ్గరికి పోయి ఏడ్చాను."

కింద మిషను ఆగింది. మళ్ళీ నడిచింది.

"అప్పట్నుంచి నీ చేతికందే చోట ఒక్క సీసానే ఉంచుతున్నా. మిగతా రెండూ బకెట్టు వెనక. చీటీలు వద్దన్నావు కదా, చీటీల బదులు నేనే ఉన్నా. ఒక్కరోజు పంటికోసం పోయాను."

"నాతో ఎందుకనలేదు?"

"ఏమని అనను? ముక్కు పోయిందటగా బావా అని అననా? ఆ సీసా ముక్కు దగ్గర పెట్టుకున్నప్పుడు నీ ముఖంలో ఎంత వెలుగుంటుందో నీకు తెలియదు."

మాస్టారు తల వంచుకున్నాడు. తన చేతుల మీద బూడిదరంగు గోళ్ళ సందుల్లో గట్టిపడి ఉంది. దాన్ని గీక్కుంటూ, "మీ అక్కకి నువ్వే ఒక మాట..." అన్నాడు.

"చాల్లే బావా!" అంది ఆవిడ. మొదటిసారి గొంతు పెరిగింది. "నేను చెబితే, మొగుడిమీద చెల్లెలు చాడీలు చెప్పినట్టుంటుంది. అక్క నమ్మినా నలుగుతుంది, నమ్మకపోయినా నలుగుతుంది. పని ఇక్కడ కాకపోతే ఇంకోచోట దొరుకుతుంది. అక్క దొరుకుతుందా? నీ నోటితో పోయింది, నీ నోటితోనే రావాలి."

గ్లాసు తీసుకుని కడగడానికి లోపలికి పోయింది. ఆయన వెళ్ళేదాకా బయటికి రాలేదు.

*

నాలుగోరోజు పొద్దున అందరూ వచ్చాక, మాస్టారు తొట్టికిందనుంచి రెండు సీసాలూ తెచ్చి బల్లమీద పెట్టాడు. భూతద్దం ఎవరితోనో ఫోను మాట్లాడి పెట్టేసేదాకా నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నాడు. బడిలో తప్పు చేసిన పిల్లాడిలా ఉన్నానని తనకే తోచింది.

"సార్. ఓడ నేనే పాడుచేశాను. ఆవిడ వద్దని చెప్పిన చోటే చెయ్యిపెట్టి, కడుగుడు సీసా తీశాను. ఈ రెంట్లో ఏది ఏదో నాకు తెలియదు. నాకు వాసన తెలియదు. ఏడాదిన్నరైంది."

అన్నాక, గదిలో పిడుగు పడుతుందనుకున్నాడు. ఎవరైనా 'అయ్యో' అంటారని, కనీసం ఒక కుర్చీ అయినా కదులుతుందని అనుకున్నాడు. ఏమీ కాలేదు. కొయ్య కోసేవాడు కొయ్యవైపు చూస్తున్నాడు. టేపు అంటించే ఆవిడ టేపు చివర గోటితో వెతుక్కుంటోంది. ఒక్కరి ముఖంలోనూ ఆశ్చర్యం లేదు.

"తెలుసులే నాయనా" అంది పిన్ని, సూది దించకుండానే.

"ఏం తెలుసు?"

"నీ ముక్కు సంగతి. పోయినేడు ఎండాకాలంలో నీ డబ్బాలో కూర పాచిపోయి, మూత తీస్తే గదంతా గుప్పుమంది. నువ్వు లొట్టలేసుకుంటూ తిన్నావు. మేమందరం ఒకరి ముఖాలొకరం చూసుకున్నాం." పిన్ని అప్పుడు సూది పక్కన పెట్టింది. ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఆ రోజు నువ్వు 'సీసాలు నింపేది నేను కాదు' అంటుంటే కూడా అందరం ఇక్కడే ఉన్నాం. నువ్వు తొట్టికిందనుంచి తీయడం నా కళ్ళతో చూశాను. ఆ పిల్ల గన్నులు కడిగిపెట్టి పోతుంటే, తల ఎత్తకుండా బుడిపెలు పొడుచుకుంటూ కూర్చున్నాను. నేనేం తక్కువ తిన్నానా?"

మాస్టారు బల్ల అంచు పట్టుకున్నాడు. ఏడాదిగా తను కళ్ళు మూసుకుని ఊపిరి తీసిన ప్రతిసారీ ఈ గది నవ్వకుండా ఓపిక పట్టిందన్నమాట. దాచుకున్నాననుకున్న సిగ్గుని తానే రోజూ అందరి ముందూ ఆరబెట్టుకున్నాడు. అయినా అది కూడా అంత బాధించలేదు. ఇందరికి తెలిసీ ఒక మనిషి సంచీ తీసుకుని ఆ గుమ్మం దాటి వెళ్ళిపోయింది. అందులో మొదటి చెయ్యి తనది.

"నాకు మాత్రం తెలియదు" అన్నాడు భూతద్దం. అంటూనే అద్దం కళ్ళ మీదికి దించుకున్నాడు, అక్కడ చూడటానికి ఏమీ లేకపోయినా. "సర్లెండి. సీసాలకి చీటీలు వెయ్యండి. ఆవిణ్ణి రమ్మని చెప్పండి" అన్నాడు.

"నేను చెబితే రాదు సార్. మీరు వెళ్ళి పిలవాలి. తప్పు తనది కాదని అని మరీ పిలవాలి."

భూతద్దం అవుననలేదు, కాదనలేదు. వచ్చేవారం వాళ్ళొస్తున్నారని మాత్రం మళ్ళీ గుర్తుచేశాడు.

మాస్టారు ఆ పూట మిగతా పని చెయ్యలేదు. సగం పూటకే ఇంటిదారి పట్టాడు. కార్ఖానాలో చెప్పడమే కొండ అనుకున్నాడు కానీ, ఇంటి మెట్లెక్కుతుంటే తెలిసింది, అది కొండ నీడే.

భార్య నేలమీద కూర్చుని దుప్పట్లు మడతపెడుతోంది. ఆయన ఎదురుగా నేలమీదే కూర్చున్నాడు. ఎప్పుడూ అలా కూర్చోడు కనక ఆవిడ చేతులు ఆగాయి. ఆయన ఏదీ దాచకుండా, ఈసారి ఏ మాటా జారిపోనివ్వకుండా, మొదటినుంచి చెప్పాడు. ముక్కు సంగతి, చీటీలు పీకించిన సంగతి, బకెట్టు వెనక సీసా, దూది, పేపరు అడ్డంపెట్టుకున్న సంగతి కూడా.

"వాసనలు తెలియవా?" అంది ఆవిడ. "మరి రోజూ గుమ్మంలోనుంచే, 'ఘుమఘుమలాడిపోతోందే' అనేవారు?"

"అలవాటు కొద్దీ."

ఆవిడ సగం మడతపెట్టిన దుప్పటిని ఒళ్ళో పెట్టుకుని అలాగే ఉండిపోయింది. తిడుతుందని ఎదురుచూశాడు. తిడితే బాగుండుననిపించింది.

"నేను దాన్ని గుమ్మంలో నిలబెట్టి అన్ని మాటలంటుంటే, మీరు లోపలే ఉన్నారు."

"ఉన్నాను."

"దానికి నోట్లో దూది ఉంది. మీకు లేదు."

ఆవిడ దుప్పటి మడత పూర్తిచేసి, దొంతరమీద పెట్టి, లేచి ముఖం కడుక్కుంది. జుట్టు ముడివేసుకుంటూ గుమ్మం దగ్గరికి వచ్చింది. ఎక్కడికని ఆయన అడగలేదు. తనూ లేచి, గబగబా వెనకాలే వచ్చి చెప్పులో కాలు పెట్టాడు.

"మీరు రాకండి" అంది ఆవిడ, వెనక్కి తిరగకుండా. "మీరొస్తే అది లేచి కుర్చీ వెయ్యాలి, మంచినీళ్ళివ్వాలి, 'పర్లేదులే బావా' అనాలి. ఇవాళ దానికి ఆ పని పెట్టకండి."

మెట్లు దిగి వెళ్ళిపోయింది. మాస్టారు చెప్పులో పెట్టిన కాలు వెనక్కి తీసుకున్నాడు.